మా కీపరును తిట్టే హక్కు మా బావది

ఆ, ఎక్కడ ఆపాను? మా బావ తిట్ల దగ్గర కదా. మధ్యలో కుక్కరు కూత పెట్టింది, లేచి వెళ్ళాల్సి వచ్చింది. సరే, వినండి.

మా బావకి ఉన్నది ఒకటే పిచ్చి. ఫుట్‌బాల్ మ్యాచికి వెళ్ళి, మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా మన జట్టు కీపరునే తిడతాడు. అవతలి జట్టును పల్లెత్తు మాట అనడు. రిఫరీ జోలికి పోడు. వాన పడి అందరూ తడిసి ముద్దయినా ఆ వానను కూడా ఏమీ అనడు. గోలుపోస్టు వెనక మట్టిగట్టు మీద పీట వేసుకుని కూర్చుని, మన చొక్కా వేసుకుని మన గోలు కాస్తున్న మన మనిషినే ఎంచి మరీ తిడతాడు.

"మరి అవతలి కీపరుని ఎవరు తిడతారు బావా?" అని అడిగాను ఒకసారి.

"వాళ్ళ ఊళ్ళో వాడికి బావలుండరా? వాళ్ళు చూసుకుంటారు."

బావ అంటే మా అక్క మొగుడు. తాళాలు బాగుచేస్తాడు. బస్టాండు వెనక సందులో షాపు. ఒక మనిషి పడతాడు, రెండో మనిషి వస్తే మొదటి మనిషి బయటికి రావాలి. ఆ షాపులో కూర్చుని పొద్దస్తమానం తాళాలతో మాట్లాడుతుంటాడు. "ఏం తల్లీ, అలిగావా? చెవి దూరిస్తే మొహం తిప్పుకుంటున్నావు. నీ వయసులో మీ అమ్మ రెండు తలుపులు కాసేది తెలుసా?" అని ఒకదాన్ని. "నువ్వు తాళానివా, తలుపుకి పెట్టుకున్న ముక్కుపుడకవా?" అని ఇంకోదాన్ని. ఆ మాటలు వినడానికే జనం మంచి తాళాలు కూడా పట్టుకొచ్చేవాళ్ళు. ఆ భాషనే బావ గ్రౌండుకి తెచ్చాడు. ఆయన దృష్టిలో కీపరంటే మనిషి కాదు, తలుపు. అది సరిగ్గా పడాలి. పడకపోతే దాని సంగతి చూడాలి.

నేను పిల్లలకి తెలుగు చెప్పి రిటైరైన దాన్ని. సామెతలన్నీ నా సొత్తనుకునేదాన్ని. బావ పక్కన కూర్చున్నాక తెలిసింది, సామెతలు పుస్తకంలో పెడితే పడుకుంటాయి, గోలుపోస్టు వెనక పెడితే లేచి పరిగెడతాయి. అక్కకి ఎండ పడదు, ఆట పడదు, అన్నిటికంటే ముందు బావ గొంతు పడదు. అందుకని బావకి తోడుగా నన్ను పంపేది. తోడంటే తోడు కాదు, కాపలా.

రెండో లీగంటే తెలియనివాళ్ళకి ఒక్క మాట చెబుతాను, టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది. దేశంలో పెద్ద పెద్ద జట్లన్నీ మొదటి లీగులో ఆడతాయి. వాళ్ళు టీవీలో కనబడతారు. వాళ్ళ కింద క్లాసు రెండో లీగు. ఇందులో బాగా ఆడినవాళ్ళు పై క్లాసుకి పోతారు. సీజను చివర పట్టికలో అట్టడుగున మిగిలినవాళ్ళు కింది క్లాసుకి దిగిపోతారు. సప్లిమెంటరీ పరీక్ష లేదు, గ్రేసు మార్కులు లేవు. మా ఊరి జట్టు పోయిన ఏడాదే మొట్టమొదటిసారి ఈ క్లాసుకి ఎక్కింది. ఎక్కిన ఆనందంలో గ్రౌండుకి ఒక పక్క రేకుల షెడ్డు వేశారు, కొత్త వలలు కట్టారు, వేరే ఊరి నుంచి కొత్త కీపరుని తెచ్చారు.

ఆ కీపరు మా మేడ మీది గదిలోనే అద్దెకి దిగాడు. పొడుగ్గా, సన్నగా, మాట బయటికి రావడానికి పర్మిషన్ అడిగే రకం. వచ్చిన రోజే అన్నాడు, "అమ్మా, నన్ను ఈ ఒక్క సీజనుకే తీసుకున్నారు. నిలబడితే ఆటలో ఉంటాను. లేకపోతే మానేసి మా అన్నయ్య టైర్ల షాపులో కూర్చుంటాను. ఇంట్లో అలాగని మాటిచ్చి వచ్చాను."

"మరేం పర్లేదు నాయనా, టైర్లు కూడా గుండ్రంగానే ఉంటాయి," అన్నాను.

నవ్వాలో వద్దో తెలియక మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

మొదటి మ్యాచి మా ఊళ్ళోనే. ఊరంతా వచ్చింది. ఆట మొదలైన కాసేపటికే ఒక బంతి, కొట్టినవాడికే నమ్మకం లేని బంతి, నేల మీద దొర్లుకుంటూ వచ్చి మా కీపరు కాళ్ళ మధ్య నుంచి లోపలికి పోయింది. వెంటనే గట్టు మీంచి కలప అడితి గుమాస్తా అందుకున్నాడు. ఆయన గొంతు రంపం మిషను మీద పైకి వినబడే గొంతు. కీపరు తల్లితో మొదలుపెట్టాడు. ఆ మాటలు నేను రాయను. గోడల మీద పిల్లలు రాస్తే తడిగుడ్డతో తుడిపించిన మాటలకంటే నాలుగు మెట్లు కిందవి. ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకో పదిమంది. కీపరు చెవులు ఎర్రబడ్డాయి. చేతులు కర్రల్లా బిగుసుకుపోయాయి.

అప్పుడు లేచాడు మా బావ.

"ఆగండయ్యా. తిట్టడమంటే ఏమనుకున్నారు? అదీ ఒక పనే. చేతకానివాళ్ళు పక్కకి జరగండి."

గట్టంతా ఆయన వైపు తిరిగింది. బావ కళ్ళద్దాలు సర్దుకుని, కీపరు వైపు చెయ్యి చాపాడు.

"ఏం అల్లుడూ, తాళం వేశావు, గొళ్ళెం మరిచావు. కాళ్ళ మధ్య తలుపు బార్లా తీసిపెట్టి, రెండు చేతుల్తో గోడలు కాస్తున్నావేంటి? గోడలెవడు ఎత్తుకుపోతాడు?"

గట్టు గొల్లుమంది. గుమాస్తా కూడా నవ్వాడు, పళ్ళన్నీ కనిపించేలా. "ఇంకోటి, ఇంకోటి," అన్నారు వెనకనుంచి. బావ ఇంకోటి వేశాడు. "బంతిని పట్టుకోమంటే పలకరించి పంపిస్తావేం? అది మీ చుట్టమా?" ఆ రోజు బావ కూర్చోలేదు. కీపరు ఇంకో గోలు ఇవ్వలేదు.

అక్కావాళ్ళింటికెళ్ళి చెబితే అక్క అంది, "ఈ వయసులో మీ బావకి జనం దొరికారు. ఇంక ఇంట్లో నిలుస్తాడా?" నేనూ అలాగే అనుకున్నాను. ఇన్నాళ్ళూ తాళాలు చప్పట్లు కొట్టలేదు, మనుషులు కొట్టారు, ఆ రుచి మరిగాడనుకున్నాను.

అక్కని ఇంకో సంగతి కూడా పీడించింది. గ్రౌండు నుంచి వచ్చేవాళ్ళంతా దారిలో ఆపి, "మీ అల్లుడు ఇవాళ బాగా ఆపాడండీ," అనేవాళ్ళు. ఒకావిడైతే గేటు దాకా వచ్చి, "అల్లుణ్ణి అంతలా తిడుతుంటే మీ అమ్మాయి ఏమీ అనుకోదా?" అని నిలదీసింది.

"ఏమండీ, మనకి కూతురే లేదు కదా. ఈ అల్లుడెక్కడ నుంచి ఊడిపడ్డాడు?" అని అడిగింది అక్క.

"కూతురుంటే పెళ్ళి చేసి అల్లుణ్ణి తెచ్చుకోవాలి. మనకా ఖర్చు తప్పింది. క్లబ్బువాళ్ళు తెచ్చారు," అన్నాడు బావ.

సగం ఆట అయ్యాక జట్లు గోలుపోస్టులు మార్చుకుంటాయి కదా. మా బావకి అది పెద్ద ప్రయాణం. పీట చంకన పెట్టుకుని, గొడుగు చేత్తో పట్టుకుని, గ్రౌండు చుట్టూ తిరిగి అవతలి గట్టుకి బయల్దేరేవాడు. ఆయన వెనక సగం గట్టు లేచి నడిచేది. ఏదో ఊరేగింపనుకుని కుక్కలు కూడా కలిసేవి. ఒకసారి అవతలి జట్టు కీపరు, ఇటువైపు గోలుకి వస్తూ, జనమంతా లేచిపోవడం చూసి బిత్తరపోయాడు.

"ఏంటండీ, అందరూ వెళ్ళిపోతున్నారు?"

"మా కీపరు అటు వెళ్ళాడుగా. తిట్టుకోవాలి," అన్నాడు బావ.

"మీ కీపరునా? మరి నన్ను తిట్టరా?"

"నువ్వు మంచివాడిలా ఉన్నావు బాబూ. పైగా నీ సంగతి నాకేం తెలుసు? తెలియనివాళ్ళని తిట్టకూడదు."

పాపం అతను మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఖాళీ గట్టు ముందు నిలబడి ఆ సగం ఆటలో మూడు గోల్స్ ఇచ్చుకున్నాడు. ఆ సీజనులో మేము అంత గట్టిగా గెలిచింది అదొక్కటే.

బావ తిట్లకి కట్టుబాట్లుండేవి. తల్లి జోలికి పోకూడదు, తండ్రి జోలికి పోకూడదు. ఒంటి రంగూ పొడుగూ ఎత్తకూడదు. తలుపులు, గడియలు, కిటికీలు, దడులు, వీటికే పరిమితం. "నీకంటే మా పక్కింటి దడి నయం అల్లుడూ, కనీసం కోడి ఆగుతుంది." "ఆ స్తంభాన్ని చూసి నేర్చుకో. దానికి చేతుల్లేవు, గ్లవుజుల్లేవు, ఇవాళ నీకంటే ఎక్కువ ఆపింది." బంతి లోపలికి పోయాక దూకితే, "దొంగలు పడ్డ ఆరు నెలలకి మొరుగుతున్నావా?" సొంత జట్టువాడే మా గోల్లోకి బంతి కొట్టుకున్న రోజు మాత్రం మెత్తబడ్డాడు. "పోనీలే అల్లుడూ, ఇంటి దొంగని ఈశ్వరుడే పట్టలేడు. నువ్వెంత?" అన్నాడు. ఇక కీపరు గాల్లో పల్టీ కొట్టి ఎంత గొప్పగా ఆపినా మెచ్చుకునేవాడు కాదు. "ఊఁ. ఇవాళకి గడియ పడింది. తుప్పు పట్టకముందే నూనె వేసుకో." అంతే.

ఆ కట్టుబాట్లు దాటి ఎవరైనా నోరు జారితే బావ వెనక్కి తిరిగేవాడు. కలప అడితి గుమాస్తాకి రెండు మూడుసార్లు అయింది.

"ఏమన్నారు? మళ్ళీ అనండి."

గుమాస్తా మళ్ళీ అన్నాడు, ఈసారి కాస్త మెల్లగా.

"అది మా తాతల నాటి తిట్టండీ. అరిగిపోయింది. అన్ని తాళాలకీ పట్టే చెవి ఏ తాళాన్నీ తియ్యదు. కూర్చోండి, నేను చూసుకుంటా."

"మాకూ టిక్కెట్టుంది సార్. మేం తిట్టకూడదా?"

"తిట్టొచ్చు. ముందు నాకు వినిపించి, బాగుందంటే తిట్టండి."

గుమాస్తా నిజంగానే ఒక వారం ఆలోచించి, ఒక తిట్టు తయారుచేసుకుని వచ్చి బావ చెవిలో చెప్పాడు. బావ విని, తల అడ్డంగా ఊపి, "తలుపుకి రెక్క ఉంది, బందు లేదు. వచ్చే మ్యాచికి చూద్దాం," అని పంపేశాడు. గుమాస్తా సిగ్గుపడి వెళ్ళి కూర్చున్నాడు. అంత గొంతున్న మనిషి సిగ్గుపడగా నేను మొదటిసారి చూశాను.

ఇటు ఇంట్లో నాకు కీపరుని చూస్తే జాలేసేది. ఒకరోజు మెట్ల దగ్గర ఆపాను. "మా బావ మాటలకి బాధపడకు నాయనా. మనిషి వెన్న. నోరే కొంచెం..."

"లేదమ్మా," అన్నాడు. తల దించుకుని పైకి వెళ్ళిపోయాడు. మర్యాద కొద్దీ అన్నాడనుకున్నాను. ఆ రోజు ఇంకొక్క ప్రశ్న అడిగుంటే, ఈ కథ ఇంకోలా ఉండేది. చేతులు కాలాక ఇప్పుడు ఆకులు పట్టుకుంటున్నాను.

సీజను అలా సాగింది. గెలిచినవి తక్కువ, ఓడినవీ తక్కువ, డ్రాలు బోలెడు. పట్టికలో మధ్యకంటే కాస్త కింద, మునగకుండా చెయ్యి ఒడ్డుకి అందేంత దూరంలో ఉన్నాం. పరాయి ఊళ్ళలో ఆడినప్పుడు అక్కడి జనం మా కీపరుని నానా మాటలూ అనేవాళ్ళట, కానీ పరాయివాళ్ళ తిట్లు ఎవరికి తగులుతాయి? కుర్రాడు నిలబడ్డాడు. టైర్ల షాపు మాట ఎత్తడం మానేశాడు. ఒకరోజు మెట్లు దిగుతూ కూనిరాగం తీస్తుంటే విని, నా చేతిలో ఉన్న బిందె కింద పెట్టి మరీ విన్నాను.

అప్పుడు మా క్లబ్బు ప్రెసిడెంటుకి మంచి చెయ్యాలనిపించింది.

ప్రెసిడెంటు మందుల షాపు ఆయన. చెడ్డవాడు కాదు. ఎదుటి మనిషి బాగానే ఉన్నాడంటే నమ్మలేని మంచివాడు. లీగు పెద్దలెవరో ఆట చూడ్డానికొచ్చి, "ఇదేంటి, మీ జనం మీ కీపరునే వేధిస్తున్నారు?" అని అడిగారట. ప్రెసిడెంటు కోచ్‌ని వెంటబెట్టుకుని మా అక్కావాళ్ళింటికి వచ్చాడు. నేనప్పుడు అక్కడే ఉన్నాను.

"సార్, మీరు పెద్దవారు. మీ మాటలు అందరికీ సరదాగానే ఉంటాయి. కానీ ఆ అబ్బాయి లోపల్లోపల నలిగిపోతున్నాడు సార్."

బావ కాఫీ కప్పు కింద పెట్టాడు. "అతను చెప్పాడా?"

ప్రెసిడెంటు కోచ్ వైపు చూశాడు. కోచ్ కాఫీ వైపు చూశాడు.

"చెప్పినట్టే సార్," అన్నాడు ప్రెసిడెంటు.

బావ ఇంకేమీ అడగలేదు. మామూలుగా అయితే "చెప్పడం వేరు, చెప్పినట్టే వేరు" అని గంటసేపు సాగదీసే మనిషి. ఆ రోజు మాత్రం, "అయితే సరే. అతను వద్దన్నాక నేనెందుకు అంటాను," అన్నాడు. గొంతులో ఏదో తేడా. నేను కాఫీ వేడనుకున్నాను.

ఊరికే మాన్పిస్తే బాగుండదని ప్రెసిడెంటు ఇంకో మంచి పని కూడా చేశాడు. తన ఇంట్లో సోఫా ఒకటి మోయించుకొచ్చి, రేకుల షెడ్డులో వేయించి, బావకి 'గౌరవ అతిథి' అని బిళ్ళ పెట్టి అందులో కూర్చోబెట్టాడు. గౌరవం ఇస్తే మనిషి నోరు దానంతటదే మూతపడుతుందని ఆయన లెక్క. ఊళ్ళో ఎవరినైనా మాట్లాడకుండా చెయ్యాలంటే మా వాళ్ళకి తెలిసిన ఉపాయం ఇదొక్కటే. ఆ సోఫా ఎలాంటిదంటే, కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. ఇద్దరు పట్టుకుని లాగితే గాని లేవలేం. పక్కన నేను. టీ వచ్చేది, బిస్కెట్లు వచ్చేవి. బిస్కెట్లు మంచివే, ఎందుకు అబద్ధం చెప్పాలి.

అక్కణ్ణుంచి రెండు గోలుపోస్టులూ దూరమే. గట్టు మీద బావ పీట వేసుకునే చోట ఎవరూ కూర్చోలేదు. మొదటి మ్యాచిలో జనం మాటిమాటికీ ఆ ఖాళీ వైపు చూశారు, ఎవరో మొదలుపెట్టాలి కదా అన్నట్టు. గోలు పడేదాకా ఆగారు. పడ్డాక కలప అడితి గొంతు లేచింది. దాన్ని ఆపి, "అరిగిపోయింది, కూర్చో," అనేవాళ్ళు లేరు. మళ్ళీ తల్లి, మళ్ళీ తండ్రి. ఒకరికి పదిమంది. షెడ్డు దాకా వినబడింది.

సోఫాలో బావ పెదాలు కదులుతున్నాయి.

"ఏమంటున్నావు బావా?"

"ఏం లేదు. కొంచెం ముందుకి రమ్మంటున్నా."

"ఇక్కణ్ణుంచి అతనికెలా వినబడుతుంది?"

"వినబడకూడదనే."

తర్వాతి మ్యాచి ఓడాం. ఆ తర్వాతిదీ ఓడాం. ఇన్నాళ్ళూ ఒడ్డుకి అందిన చెయ్యి ఇప్పుడు నీళ్ళలో తడుముకోవడం మొదలుపెట్టింది. మేడ మీద కూనిరాగం ఆగిపోయింది. మెట్ల మీద ఎదురైతే కుర్రాడు గోడకి ఒదిగి దారిచ్చేవాడు, నేనేదో లారీ అయినట్టు. అటు బావ తాళాలతో మాట్లాడ్డం మానేశాడు. తెచ్చిన తాళాన్ని మాట్లాడకుండా బాగుచేసి మాట్లాడకుండా ఇచ్చేస్తుంటే, జనం అనుమానంగా అటూ ఇటూ తిప్పి చూసుకుని, "బాగైందంటారా?" అని అడిగేవాళ్ళట.

"ఇంట్లో ఒక్క మాట లేదే," అంది అక్క ఫోనులో. "నిన్న కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయా. తినేసి వెళ్ళిపోయాడు. నాకు భయమేస్తోంది."

నేనొకసారి అడిగి చూశాను. "పోనీ, మళ్ళీ గట్టు మీదకి వెళ్దాం బావా. ఎవరేమంటారు?"

"అతను వద్దన్నాడు కదా మరదలా. వద్దన్న ఇంటి తలుపు తీసేవాడిని ఏమంటారు? తాళాలు బాగుచేసేవాడని అనరు."

ఆఖరి మ్యాచి మా ఊళ్ళోనే పడింది. గెలవక్కర్లేదు. డ్రా అయితే చాలు, రెండో లీగులో ఉంటాం. కుర్రాడు ఆటలో ఉంటాడు. ఊరంతా మళ్ళీ వచ్చింది. ఆట చాలాసేపు గోలు పడకుండానే నడిచింది. మా కీపరు రెండు మంచి బంతులు ఆపాడు కూడా. కానీ ఆపిన ప్రతిసారీ గట్టు వైపు ఒకసారి చూసేవాడు. అక్కడ గుమాస్తా, "ఇప్పుడు ఆపావు, ఇంకోటి వదులుతావు, మాకు తెలుసు," అని ముందుగానే మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు వంత పాడారు. కుర్రాడి చేతులు మళ్ళీ కర్రలయ్యాయి. ఇంతదూరం నుంచి నాకే కనబడింది.

బావ సోఫాలోంచి లేవబోయాడు. లేవలేకపోయాడు. ప్రెసిడెంటు భుజం మీద చెయ్యి వేసి, "వద్దు సార్, అబ్బాయికి ఇబ్బంది," అన్నాడు ఎంతో ఆప్యాయంగా. బావ మళ్ళీ అందులోకి కూరుకుపోయాడు.

ఆ తర్వాత వచ్చిన బంతి గురించి ఎక్కువ చెప్పను. పైనుంచి మెల్లగా దిగుతూ వచ్చింది. పసిపిల్లలు కూడా పట్టే బంతి. కుర్రాడు పట్టాడు. పట్టినట్టే పట్టి, చేతుల్లోంచి జార్చి, వెనక్కి తిరిగి చూసేసరికి అది గీత దాటి వల దాకా పోయి ఆగింది.

విజిల్ పడ్డాక ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. గుమాస్తా గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. మేము మూడో లీగుకి దిగిపోయాం. బావ బిళ్ళ తీసి సోఫా చేతి మీద పెట్టి, నాకోసం ఆగకుండా నడిచి వెళ్ళిపోయాడు.

ఇవాళ పొద్దున కుర్రాడు సంచి భుజాన వేసుకుని కిందికి దిగాడు. గది తాళంచెవి నా చేతికివ్వబోయాడు.

"సాయంత్రం బస్సుకి వెళ్తున్నానమ్మా."

"కోచ్ ఉండమన్నాడని విన్నానే. కింది లీగులో ఆడుతూ మళ్ళీ పైకెక్కచ్చన్నాడట."

"అన్నారు. నేనే వద్దన్నాను. అన్నయ్యకి వస్తున్నానని చెప్పేశాను." ఎంతో సేపటి నుంచి మోస్తున్న బరువు దించుతున్నట్టు అడిగాడు. "అమ్మా, మామయ్యగారికి నా మీద కోపమా?"

"ఏ మామయ్య?"

"మీ బావగారు. ఆ సోఫాలోకి వెళ్ళాక నన్ను ఒక్క మాట కూడా అనలేదు. వీడు పనికిరాడని వదిలేశారేమోనని..."

"నువ్వే కదయ్యా తిట్టొద్దన్నావు. ప్రెసిడెంటుతో చెప్పుకున్నావట."

"నేనా? ఆయన నాతో మాట్లాడిందే లేదమ్మా. ఒకసారి దగ్గుతుంటే బిళ్ళలిచ్చారు, అంతే."

అప్పుడు చెప్పాడు. మొదటి మ్యాచి అయ్యాక, కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే మా బావ వెతుక్కుంటూ వెళ్ళాడట. "బాబూ, ఆ గట్టు మీదవాళ్ళు ఎలాగూ తిడతారు, వాళ్ళ నోళ్ళు నేను కుట్టలేను. కానీ నేను తిడుతుంటే వింటారు. వింటున్నంతసేపు నోరు మూసుకుంటారు. నీకిష్టమైతే తిడతాను. వద్దనిపించిన రోజు ఒక చెయ్యి పైకెత్తు చాలు, ఆపేస్తాను," అన్నాడట. ఎవరికీ చెప్పొద్దన్నాడట కూడా. ఎందుకంటే, "తెలిస్తే నవ్వరు. నవ్వకపోతే మళ్ళీ మొదలెడతారు."

"నేనెప్పుడూ చెయ్యెత్తలేదమ్మా," అన్నాడు కుర్రాడు. "ఆయన తిడుతుంటే నాకూ నవ్వొచ్చేది. నవ్వుతుంటే చేతులు బిగుసుకోవు. స్తంభాన్ని చూసి నేర్చుకోమన్న రోజు, నవ్వాపుకోలేక కార్నర్ బంతిని నోరు తెరుచుకునే పట్టాను."

వినండి మరి, ఇదీ సంగతి. ఒకళ్ళేమో అతను వద్దన్నాడని నోరు కట్టేసుకున్నారు. ఇంకొకళ్ళేమో ఆయన వదిలేశాడని చేతులు వదిలేసుకున్నారు. మధ్యలో ఒక 'చెప్పినట్టే'. ఒక సీజను పోయింది, ఒక లీగు పోయింది. ఇద్దరినీ రోజూ చూసే నేను అటు మాట ఇటు వెయ్యలేదు. నోట్లో బిస్కెట్టుంటే ఎలా వేస్తాను?

పోయిన లీగు ఎటూ పోయింది. మనిషి ఇంకా పోలేదు. తాళంచెవి తీసుకోలేదు. "సాయంత్రం బస్సుకి సాయంత్రం వెళ్ళచ్చు, అన్నం తిను," అని కూర్చోబెట్టాను. మెట్ల మీద సంచి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. బావ షాపులో ఉన్నంతసేపు ఫోనెత్తడు, చేతుల నిండా గ్రీజు. భోజనానికి ఇంటికి రావాలి. అప్పటిదాకా నోరూరుకోక మీకు ఇదంతా చెప్పాను. నడిచి వెళ్ళి చెప్పచ్చు కదా అంటారేమో. ఎదురుగా చెబితే బావ కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఇంకో గదిలోకి పారిపోతాడు. ఫోనులో అయితే తీగ లేకపోయినా కట్టేసినట్టు నిలబడతాడు.

ఇప్పుడు చేతులు కడుక్కుంటూ ఉంటాడు. అక్క ఎత్తుతుంది. బావనిమ్మంటాను. "నీ అల్లుడు ఎప్పుడూ చెయ్యెత్తలేదు బావా, ఇప్పుడు ఆట మానేసి టైర్లమ్ముకోవడానికి పోతున్నాడు," అని ఒక్క ముక్క చెప్పి, ఫోను స్పీకరులో పెట్టి, మెట్ల మీద కుర్రాడి ఒళ్ళో పెట్టి వచ్చేస్తాను. మిగతాది బావ చూసుకుంటాడు. ఇన్నాళ్ళ తిట్లు బాకీ ఉన్నాడు. ఉండండి, నంబరు నొక్కుతున్నాను.